ఉప్పు, నల్ల: మన పూర్వుల ఆహారంలో వాటి స్థానం

తెలుగువారి ఆహార చరిత్ర రాసేవారు ఊరగాయను, గోంగూరను వదలరు. మేక నెత్తురు కూర దగ్గరికి వచ్చేసరికి కలం ఆపుతారు. తెలంగాణలో దీనిని ‘నల్ల’ అంటారు. కోస్తాలో నెత్తురు వేపుడు, తమిళనాట రత్తప్పొరియల్, మరాఠీలో రక్తి. పేర్లు వేరైనా పద్ధతి దాదాపు ఒక్కటే. గిన్నెలో పట్టిన నెత్తురు గడ్డకట్టాక ఉడికించి, ముక్కలు చేసి, ఉల్లి, కారం వేసి వేయిస్తారు.

1870లలో గుస్టాఫ్ బుంగె అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. మాంసం, పాలు, నెత్తురు తినేవారికి విడిగా ఉప్పు అక్కరలేదనీ, ధాన్యం, కూరలు తినేవారికే అది కావాలనీ అతని వాదం. తూర్పు ఆఫ్రికాలో పశువుల నెత్తురు, పాలు తాగే మసాయిలు ఇందుకు తరచు చూపే ఉదాహరణ. మన పూర్వుల విషయంలో ఇది ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలిద్దాం.

మన పెద్దల ముఖ్యాహారం రాగి, జొన్న. 100 గ్రాముల రాగుల్లో పొటాషియం సుమారు 400 మి.గ్రా.; సోడియం అతి స్వల్పం. నెత్తురులో సోడియం ఎక్కువే. లీటరు నెత్తురులో ఉన్నది సుమారు 6 గ్రాముల ఉప్పుకు సమానం. కాని ఇరవై కిలోల మేకనుంచి వచ్చే నెత్తురు లీటరు లోపే. అంటే మేక నెత్తురంతా కలిపినా ఒక మనిషికి ఒక రోజు ఉప్పు. జాతరకో, పెళ్ళికో మేకను కోసే సేద్యగాళ్ళకు నల్ల ఉప్పుకు బదులు కాలేదు. ఉప్పు కొనక తప్పలేదు.

అందుకే ఉప్పు పన్ను పేదవాని సంకటిపై పన్ను అయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ 1805లో ఉప్పుపై గుత్తాధికారం స్థాపించింది. 1936 దాకా ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్న గంజాం జిల్లా ఉప్పుకు పేరుపొందింది. యానాం ఫ్రెంచివారిది కదా అనవచ్చు. 1815 ఒప్పందంతో ఫ్రెంచి స్థావరాల ఉప్పు కొనే హక్కు ఇంగ్లీషువారికి దక్కింది. 1818లో ఏటా 4,000 వరహాల పరిహారానికి అక్కడ ఉప్పు తయారీయే ఆపించారు. ఈ పన్ను రద్దయింది 1947లో.

మరి నల్ల విలువ ఎక్కడున్నది? ఇనుములో. 100 గ్రాముల నెత్తురులో సుమారు 30 మి.గ్రా. ఇనుము ఉంటుంది, మాంసంలో అందులో పదో వంతు. పైగా ధాన్యంలోని ఇనుము కంటే ఇది శరీరానికి బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అలాంటి దేశంలో ఈ వంటకాన్ని నీచమని కొట్టివేయడం సరికాదు. అయితే పచ్చి నెత్తురు ప్రమాదకరం. బాగా ఉడికించే తినాలి.

మరాఠ్వాడా దళితుల వంటలను షాహు పాటోళె 2015లో మరాఠీలో గ్రంథస్థం చేశారు. నల్ల చాలామటుకు ఆ వర్గాల వంట కావడం వల్లనే సభల్లో దాని పేరెత్తరని మేము భావిస్తున్నాము. షోలాపూరులో, బరంపురంలో, మధురలో చదువుకునే మన విద్యార్థులు సిగ్గుపడకుండా అమ్మమ్మను, నాయనమ్మను అడగాలి. ఎప్పుడు వండేవారు, ఎవరికి ముందు పెట్టేవారు, ఏ మాటతో పిలిచేవారు అన్నది రాసిపెట్టాలి. వారు ఉన్నన్నాళ్ళే ఈ చరిత్ర దొరుకుతుంది.