‘చేయవచ్చును’ నుండి ‘చేయవలెను’ వరకు

శతాబ్ది సంచికకు చరిత్ర వ్యాసము ఒకటి వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు, మన సంఘ చరిత్రను విడిచి ఇంగ్లండు చరిత్రలోని ఒక పుటను ఎన్నుకొన్నాను. కారణము లేకపోలేదు. నాట్ల దినములలో తల్లి మడిలో వంగి ఉంటే, గట్టుమీద చీర ఊయలలో బిడ్డ ఏడ్వడం గ్రామ సంఘములలో పరిచర్య చేసిన ప్రతి కాపరీ చూచినదే. ఆ బిడ్డను ఎవరు చూడాలి? ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు.

మొదట ఒక కాపరిని జ్ఞాపకము చేసికొందాము. 1767లో ఓబర్లిన్ అను లూథరన్ బోధకుడు అల్సేస్ ప్రాంతపు కొండలలోని వాల్డర్స్‌బాక్ గ్రామమునకు వచ్చెను. తల్లిదండ్రులు పనికి పోగా తిరుగుతున్న చిన్నపిల్లలను చూచి, యువతులచేత వారికి అల్లికపని, పాటలు, మంచి నడవడి నేర్పించెను. ఆయన ఇంట పనిచేసిన లూయీ షెప్లర్ ఆ సేవలో తన జీవితమంతా గడిపెను. అయితే అది కాపరి కుటుంబము, దాతల చేతిమీద నడచిన పని. దాత చేయి ముడిస్తే బిడ్డ గతి ఏమి?

లండనులోని డెట్‌ఫర్డ్ పేటలో రేచల్, మార్గరెట్ మెక్‌మిలన్ అను అక్కచెల్లెండ్రకు ఎదురైన ప్రశ్న ఇదే. 1910లో వారు అక్కడ పిల్లల వైద్యశాల నడిపిరి. నయమై ఇంటికి పోయిన పిల్లలే మరల అదే జబ్బుతో వచ్చుచుండిరి. జబ్బు ఇరుకు ఇండ్లలో ఉన్నది; మందు మాత్రము వైద్యశాలలో ఉన్నది. అందుచేత 1914లో ఆరుబయట తోటలో పసిపిల్లల బడి పెట్టిరి. గాలి, వెలుతురు, స్నానము, భోజనము, నిద్ర, ఆట – ఇవే అక్కడి పాఠములు. 1917లో రేచల్ మరణించగా ఆ బడికి ఆమె పేరు పెట్టిరి.

1918 విద్యాచట్టము స్థానిక విద్యాధికార సంస్థలకు కొత్త అధికారమిచ్చెను. రెండేండ్లు దాటి అయిదేండ్లు నిండని పిల్లలకు నర్సరీ బడులు నడపవచ్చును, నడిపేవారికి సహాయము చేయవచ్చును. పాఠకులు ఆ ‘వచ్చును’ అను మాటను గమనించగోరుచున్నాను. అధికారము ఇచ్చిరి గాని బాధ్యత పెట్టలేదు. కనుక యుద్ధానంతరపు పొదుపు దినములలో బడుల సంఖ్య బహు నెమ్మదిగా పెరిగెను.

తరువాత రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. కర్మాగారములకు స్త్రీలు కావలసివచ్చిరి. అంతవరకు లేదన్న డబ్బు అప్పుడు దొరికెను. ఖర్చు కేంద్ర ఖజానా భరించగా స్థానిక సంస్థలు నర్సరీలు తెరచినవి. 1944 నాటికి వాటి సంఖ్య వేయి దాటినది. కాని అది తల్లి చేతుల కొరకు ఇచ్చిన డబ్బు, బిడ్డ కొరకు ఇచ్చినది కాదు. యుద్ధము ముగియగా 1946లో ఆ గ్రాంటును సగము చేసి, మిగిలిన భారమును స్థానిక సంస్థలపై వేసిరి. అనేక నర్సరీలు మూతపడినవి. 1960లో ప్రభుత్వము ఒక సర్క్యులర్ ద్వారా నర్సరీ బడుల విస్తరణనే ఆపివేసెను. 1972లో విద్యామంత్రిణి మార్గరెట్ థాచర్ పదేండ్లలో నాలుగేండ్ల పిల్లలలో నూటికి 90 మందికి, మూడేండ్ల పిల్లలలో 50 మందికి చోటు కల్పించుటకు ప్రణాళిక ప్రకటించెను. మరుసటి యేట చమురు సంక్షోభము రాగా, ఖర్చుల కోతలో అదియు వెనుకబడెను. పనిచేయు తలిదండ్రుల పిల్లలకు, సాధ్యమైనంత మేరకు, చాలినన్ని చోట్లు ఉండునట్లు చూచుట స్థానిక సంస్థల విధి అని చట్టము చెప్పుటకు 2006 వరకు ఆగవలసివచ్చెను. ‘చేయవచ్చును’ నుండి ‘చేయవలెను’ వరకు 88 ఏండ్లు పట్టినది!

ఈ చరిత్ర మనకెందుకు? మన దేశములో 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 బ్లాకులలో ఆరంభమై, అంగన్‌వాడీలు వెలసినవి. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ స్త్రీ శిశు అభివృద్ధిని పంచాయతీల విషయముల పట్టికలో 25వదిగా చేర్చెను. అయితే అక్కడ కూడ ఉన్నది ‘వచ్చును’ అను మాటే: రాష్ట్ర శాసనసభ ఆ అధికారములను పంచాయతీలకు ఇవ్వవచ్చును. మాట ఒకటే, దేశములు వేరు.

పసిబిడ్డల సేవను సంఘము ఆరంభించుట మంచిదే; ఓబర్లిన్ అదే చేసెను. కాని మన దానధర్మము పంచాయతీ పద్దుకు బదులు కారాదు. దానము ఒక తలుపు తెరచును. ప్రతి యేట పద్దులో వ్రాసిన సొమ్ము ఆ తలుపు మూయబడకుండ కాచును. కనుక మన ఊరి గ్రామసభకు పోవు విశ్వాసులు రోడ్డు, దీపముల సంగతి అడిగినట్లే, అంగన్‌వాడీ గదికి, నీటికి, ఆట స్థలమునకు ఈ యేడు ఎంత కేటాయించిరని అడుగవలెను. గట్టుమీది బిడ్డ తన తరపున తాను అడుగలేదు గదా!