ఫైలుకు చిరునామా ఎట్లు వచ్చినది?

గ్రంథాలయములో ఒక పుస్తకము పోవుటకు దొంగ రానక్కరలేదు. ఒక బీరువాలోనిది మరియొక బీరువాలో పెట్టిన చాలును. కంప్యూటరులోనికి, ఫోనులోనికి దింపుకొన్న ఫైళ్ల సంగతియు ఇట్టిదే. ఫైలు యంత్రములో భద్రముగనే యుండును. దానిని చేరు త్రోవ మాత్రమే మనకు తెలియదు. ఆ త్రోవ ఏర్పడిన విధము తెలిసికొన్నచో ఫైలును వెదకుట సులభమగును.

తొలినాటి కంప్యూటర్లు సమాచారమును చిల్లుల కార్డులపైనను, అయస్కాంతపు టేపులపైనను దాచుకొనెడివి. టేపు నడుమనున్న విషయము కావలెనన్న అంతవరకు టేపును చుట్టవలసినదే. 1956లో ఐ.బి.యమ్. సంస్థ 'రామాక్' అను యంత్రముతో ఈ చిక్కును తొలగించినది. అందు 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్లెములు తిరుగుచుండెను. వానిపై సుమారు 50 లక్షల అక్షరములు పట్టెడివి. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకే అంత చోటు కావలసివచ్చును! అయినను, ఏ పళ్లెములో ఏ వలయము కావలెనో చెప్పిన చాలును; చదువు ముల్లు నేరుగా అచ్చటికే పోయెడిది. సమాచారమునకు చిరునామా యనునది ఇట్లు ఏర్పడినది.

కాని అంకెల చిరునామా యంత్రమునకు తగినది, మనుష్యునకు కాదు. పలువురు ఒకే కంప్యూటరును వాడుకొను కాలము రాగా, ఎవరి ఫైలు ఏదియో తెలియు పద్ధతి అవసరమైనది. 1965లో డేలీ, న్యూమన్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో 'మల్టిక్స్' అను వ్యవస్థకై వృక్షము వంటి ఏర్పాటును వివరించిరి. మూలమునుండి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, రెమ్మల చివర ఫైళ్లు. ఉత్తరముపై జిల్లా, గ్రామము, వీధి, ఇంటిసంఖ్య వ్రాయుట వంటిదే యిది. రెండు గ్రామములలో ఇరువురు వెంకటేశ్వర్లు ఉన్నను ఉత్తరము తప్పిపోదు గదా! అట్లే ఒకే పేరుగల ఫైళ్లు వేరువేరు ఫోల్డర్లలో ఉండవచ్చును.

1969లో బెల్ ప్రయోగశాలలో థాంప్సన్, రిచీ మొదలగువారు ప్రారంభించిన 'యునిక్స్' మరియొక మెట్టు ఎక్కినది. అందు ఫోల్డరులో నుండునది ఫైలు పేరు, ఒక సంఖ్య మాత్రమే. ఫైలు పరిమాణము, తేదీ, అది డిస్కుపై నున్న చోటు మొదలగు వివరములు ఆ సంఖ్యకు చెందిన పట్టీలో ఉండును. ఎంత పెద్ద ఫైలునైనను అదే డిస్కులో ఒక ఫోల్డరునుండి మరియొక దానికి క్షణములో జరుపగలుగుటకు కారణమిదే; జరుగునది పేరే గాని సరకు కాదు. నకలు తీయునపుడు సరకంతయు మరల వ్రాయవలెను గనుక ఆలస్యమగును.

ఇక ఫైలును దూరపు కంప్యూటరునుండి తెచ్చుకొనుట. ఇందుకు తొలి నియమావళిని 1971 ఏప్రిలులో వ్రాసినది కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని ఎమ్.ఐ.టి.కి వెళ్లిన అభయ్ భూషణ్. నేడు మనము డౌన్‌లోడు అను పని యంతయు ఆ త్రోవలో వచ్చినదే.

1981లో జిరాక్సు సంస్థ 'స్టార్' యంత్రపు తెరపై ఫోల్డరును బొమ్మగా చూపినది. 1984లో మాకింటోష్ దానిని సామాన్యులకు పరిచయము చేసినది. 2007లో విండోస్ విస్టా, మాక్ లెపర్డ్ వ్యవస్థలు 'డౌన్‌లోడ్స్' అను ప్రత్యేక ఫోల్డరును ఏర్పరచెను. ఆ సంవత్సరముననే వచ్చిన ఐఫోను ఫోల్డర్ల వృక్షమును వాడుకరికి చూపకుండ మరుగుపరచినది. 2017లో గాని దానిలో 'ఫైల్స్' అను యాప్ రాలేదు. పైగా ఫోనులో ప్రతి యాప్‌నకును సొంత గది యుండును. ఒక యాప్‌లో వచ్చిన పత్రము మరియొక యాప్‌నకు కనబడకపోవుట ఇందువలననే.

ఈ సౌకర్యమువలన ఒక నష్టము కలిగినది. చోటును యంత్రమే నిర్ణయించుటచే, ఫైలునకు చోటున్నదను సంగతియే విద్యార్థులు మరచుచున్నారు. హాలుటిక్కెట్టు కనబడక మరల మరల దింపుకొనగా, పేరు చివర ఒకటి, రెండు అను అంకెలతో నకళ్లు పేరుకొనును. వెదకుడు పెట్టె ఉన్నను, పేరైనను గుర్తులేనివానికి అది ఏమి సాయపడును?

ఫైలును పట్టి యిచ్చు గుర్తులు మూడు: పేరు, తేదీ, త్రోవ. మొదట 'డౌన్‌లోడ్స్' ఫోల్డరును తెరచి, తేదీల వరుసలో చూడవలెను. అచ్చట లేనిచో దానిని తెచ్చిన యాప్‌లో వెదకవలెను. దొరకిన వెంటనే అర్థవంతమగు పేరు పెట్టి, తగిన ఫోల్డరులోనికి జరుపవలెను. ఉపాధ్యాయులు ఒకనాడు విద్యార్థులచే తమ పాఠశాల కంప్యూటరులోని ఫోల్డర్ల వృక్షమును నల్లబల్లపై గీయించినచో, ఈ పాఠము వారికి చిరకాలము గుర్తుండును.