గబర్ సింగ్ నేగి: యుద్ధపత్రాలు, గ్రామస్మృతి

ఉపోద్ఘాతం

మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన భారతీయ సైనికులలో అత్యధికులు గ్రామీణ రైతుకుటుంబాలవారు. అధికారిక పత్రాలలో వీరి చరిత్ర పటాలంలో చేరిననాడు మొదలై మరణించిననాడు ముగుస్తుంది. పేరు, సంఖ్య, పటాలం, మరణించిన తేదీ అనే నాలుగు వివరాల వెనుకనున్న మనిషిని తిరిగి గుర్తించడానికి ఏ ఆధారాలను, ఏ క్రమంలో చదవాలి? గఢ్వాల్‌కు చెందిన రైఫిల్‌మన్ గబర్ సింగ్ నేగి జీవితం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. విక్టోరియా క్రాస్ లభించినందువల్ల సాధారణ సిపాయిలకంటే ఇతని గురించి ఎక్కువ ఆధారాలు నిలిచాయి. అయినా ఆ అధికారిక ఆధారాలలో ప్రధానమైనవి అతని మరణం చుట్టూనే తిరుగుతాయి.

గ్రామం - కొలువు

గబర్ సింగ్ 1895 ఏప్రిల్ 21న టెహ్రీ గఢ్వాల్ సంస్థానంలో, చంబా పట్టణానికి సమీపంలోని మంజ్యూడ్ గ్రామంలో జన్మించాడు. ఈ చంబా నేటి ఉత్తరాఖండ్‌లోనిది. హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా వేరు. 1815లో గూర్ఖాల ఓటమి తరువాత గఢ్వాల్ రెండుగా విడిపోయింది. అలకనందా నదికి తూర్పుభాగం ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వెళ్లగా, పడమటి భాగం టెహ్రీ రాజులకు మిగిలింది. కనుక గబర్ సింగ్ బ్రిటిష్ ఇండియా ప్రజ కాడు, సంస్థాన ప్రజ. అయినప్పటికీ 1913 అక్టోబరులో అతడు బ్రిటిష్ భారత సైన్యానికి చెందిన 39వ గఢ్వాల్ రైఫిల్స్ రెండవ బెటాలియన్‌లో చేరాడు. ఈ పటాలం కేంద్రస్థానం బ్రిటిష్ గఢ్వాల్‌లోని లాన్స్‌డౌన్.

ఈ చేరికను రాజభక్తితోనో సాహసంతోనో మాత్రమే వివరించడం చాలదు. కొండవాలులను మెట్లుమెట్లుగా చెక్కి సాగుచేసే చిన్న కమతాలు కుటుంబానికి తిండిగింజలిస్తాయేకాని రొక్కమివ్వవు. ఆ కాలంలో సిపాయి నెలజీతం 11 రూపాయలు. మరోవైపు ‘యోధజాతులు’ అనే వలసపాలకుల సిద్ధాంతం గఢ్వాలీలను సైనికవృత్తికి తగినవారిగా ముద్రవేసి, ఆ కొండలను సైన్యానికి మనుషులనందించే ప్రాంతంగా మార్చింది. అతడు చేరింది శాంతికాలంలో. యుద్ధం ఆరంభమైంది పది నెలల తరువాత. ఆ పద్దెనిమిదేళ్ల యువకుడు ఎన్నుకున్నది కొలువునే కాని ఐరోపా యుద్ధాన్ని కాదు.

న్యూవ్ షాపెల్

1914 అక్టోబరులో గఢ్వాల్ రైఫిల్స్ రెండు బెటాలియన్లూ మీరట్ డివిజన్‌లో భాగంగా ఫ్రాన్స్ చేరాయి. ఆ నవంబరులోనే ఫెస్టుబర్ట్ వద్ద మొదటి బెటాలియన్‌కు చెందిన దర్వాన్ సింగ్ నేగి విక్టోరియా క్రాస్ సాధించి, ప్రాణాలతో బయటపడ్డాడు. భారతీయ సైనికులకు ఆ పతకం పొందే అర్హత కల్పించింది 1911లోనే.

1915 మార్చి 10 ఉదయం 7.30 గంటలకు న్యూవ్ షాపెల్ గ్రామం ముందున్న జర్మన్ స్థావరాలపై ఫిరంగిదాడి మొదలైంది. 35 నిమిషాల తరువాత పదాతిదళం ముందుకు కదిలింది. శత్రువుల ప్రధాన కందకంలోకి బాంబులతో, బాయొనెట్లతో ప్రవేశించిన జట్టులో గబర్ సింగ్ ఉన్నాడు. కందకాలను సరళరేఖలో తవ్వరు. కాల్పులు ఒక కొసనుండి మరో కొసకు సాగకుండా కొద్దిదూరానికొక మలుపు పెడతారు. అందువల్ల ప్రతి మలుపునూ మొదట దాటేవాడు అవతల ఎవరున్నారో తెలియకుండానే అడుగువేయాలి. ప్రతిచోటా ముందుగా మలుపు తిరిగినవాడు గబర్ సింగేనని, శత్రువులు లొంగిపోయేవరకు వారిని వెనక్కు నెట్టాడని, ఆ పోరాటంలోనే మరణించాడని 1915 ఏప్రిల్‌లో వెలువడిన లండన్ గెజిట్ ప్రకటన తెలుపుతుంది. మరణించేనాటికి అతనికి 20 ఏళ్లు నిండలేదు.

ఆ ప్రకటనలో అతని పేరు ‘గోబర్ సింగ్ నేగి’ అని ఉంది. గఢ్వాలీ ఉచ్చారణ ఆంగ్లలిపిలోకి మారిన తీరుకు ఇదొక నిదర్శనం. సాహసాన్ని గుర్తించిన పత్రమే పేరును మార్చివేసింది. గ్రామీణ సైనికుల చరిత్రను అన్వేషించేవారు ఒకే పేరుకు గల భిన్నరూపాలన్నింటినీ వెదకడం అందుకే అవసరం.

రెండు స్మారకాలు

గబర్ సింగ్‌కు తెలిసిన సమాధి లేదు. అతని పేరు ఫ్రాన్స్‌లోని న్యూవ్ షాపెల్ స్మారకంపై చెక్కబడింది. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేసిన ఈ కట్టడం 1927 అక్టోబరు 7న ఆవిష్కృతమైంది. పశ్చిమ రంగంలో మరణించి, సమాధి తెలియని 4,600 మందికి పైగా భారతీయుల పేర్లు ఇందులో ఉన్నాయి. సామ్రాజ్యం దృష్టిలో అతడు ఆ వరుసలో ఒక పేరు.

చంబాలోని స్మారకం అంతకు రెండేళ్లు ముందే, 1925లో, వెలిసింది. అక్కడ ఏటా ఏప్రిల్‌లో, అతని జన్మదినం సందర్భంగా, మేళా జరుగుతుంది. పటాలం శ్రద్ధాంజలి ఘటిస్తుంది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు తరలివస్తారు. భర్తకు వచ్చిన పతకాన్ని అతని భార్య తన ఎదపై ధరించేదని ఆ ప్రాంతంవారు చెప్పుకుంటారు. వితంతువుకు అలంకారాలను నిషేధించిన సమాజంలో ఈ కథనానికి విశేషార్థముంది. ఆ పతకం ఆమెకు ఆభరణమూ, భర్త గుర్తూ, గ్రామంలో నిలదొక్కుకోవడానికి ఆధారమూ అయింది.

ముగింపు

ప్రభుత్వపత్రం గబర్ సింగ్ మరణదినాన్ని భద్రపరచింది. గ్రామం అతని పుట్టినరోజును పాటిస్తోంది. మొదటిది సైనికుణ్ణి చూపగా, రెండవది తమ బిడ్డను గుర్తుంచుకుంటుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. గెజిట్‌ను మాత్రమే చదివితే మిగిలేది ఒక ఉదయపు సాహసం. మేళాను మాత్రమే చూస్తే మిగిలేది వీరారాధన. చిన్న కమతం, 11 రూపాయల జీతం, సంస్థాన సరిహద్దు, వంకరపోయిన పేరు, వితంతువు ఎదపై పతకం - వీటన్నింటినీ కలిపి చదివినప్పుడే అతని జీవితం చరిత్రగా నిలుస్తుంది. పతకం రాని వేలాది గ్రామీణ సైనికుల విషయంలో గెజిట్ ప్రకటన సైతం లేదు. వారి అన్వేషణ స్మారకశిలపై ఆగిపోకుండా, వారు బయలుదేరిన ఊరినుండే మొదలుకావాలి.