మూడు ఊళ్లు, ఒక డబ్బా, నాలుగు నంబర్లు

ఫోన్ మ్యాప్‌లో మదనపల్లె, పుంగనూరు, కుప్పంలకి పిన్ పెట్టండి. ఆ మూడూ పట్టేంత చిన్న దీర్ఘచతురస్రం ఎలా గీయాలి? ఓపెన్‌సీవీలో ఇమేజ్ పాయింట్లకి బౌండింగ్‌రెక్ట్ చేసే పని ఇదే.

లెక్క సింపుల్. అన్నిట్లో చిన్న ఎక్స్, పెద్ద ఎక్స్, చిన్న వై, పెద్ద వై. అంతే. మన డబ్బాకి ఉత్తరం అంచు మదనపల్లె, తూర్పు అంచు పుంగనూరు. దక్షిణం, పడమర రెండూ కుప్పమే.

ఇప్పుడు డబ్బా లోపల చూడండి. ముళబాగిలు కూడా ఉంది. అదేమో కర్ణాటక!

ఎందుకలా? బ్రిటిష్ కాలంలో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లావి. ముళబాగిలు మైసూరు సంస్థానంలోది. 1911లో ఆ రెండు జిల్లాల తాలూకాలతో చిత్తూరు జిల్లా ఏర్పడింది, మన మూడు ఊళ్లూ ఒక్కచోటికొచ్చాయి. మైసూరు ఊరు బయటే ఉండిపోయింది. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాకి వెళ్లింది. పాయింట్లు కదల్లేదు, డబ్బా మారలేదు, జిల్లా మారింది.

డబ్బాలో ఉన్నవాళ్లంతా ఆంధ్రా వాళ్లే అని యాప్ రాశారనుకోండి, ముళబాగిలు రైతుకి మన పథకాలు చూపిస్తుంది. అందుకే డబ్బాతో ముందు వడపోయండి, తర్వాత అసలు సరిహద్దు గీతతో సరిచూడండి. నాలుగు నంబర్లలో చరిత్ర పట్టదు కదా!