హాలు ఎందుకు అడిగారంటే: దుర్గాబాయి గారి కాలం నుంచి ఫోను పాఠాల దాకా

ఈసారి కాస్త పెద్దగానే రాస్తున్నాను, తీరిక చూసుకుని చదవండి.

పోయిన నెల కార్యవర్గ సమావేశంలో చిన్న విషయం మీద పెద్ద చర్చే జరిగింది. మన హాలు వెనక వీధిలో అంగన్‌వాడీ నడిపే అక్కయ్య మీలో చాలామందికి తెలుసు. ఆవిడా, ఆవిడలాంటి మరో నలుగురైదుగురూ శనివారం సాయంత్రం రెండు గంటలపాటు మన హాలు అడిగారు. ఫోనులో వచ్చే శిక్షణ పాఠాలు అందరూ కలిసి కూర్చుని పూర్తి చేసుకోవడానికట. "ఆన్‌లైన్ అంటేనే ఇంట్లో కూర్చుని, వీలున్నప్పుడు చేసుకునేది కదండీ, దానికి హాలెందుకు?" అన్నారు మన పెద్దాయన ఒకరు. అడగదగిన ప్రశ్నే. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఆ ప్రశ్నకు జవాబు మన మద్రాసు తెలుగువాళ్ల చరిత్రలోనే ఉందని నాకనిపించి ఇది రాస్తున్నాను.

ముందు అడయారు నుంచి మొదలుపెడతాను. 1939 నవంబరులో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పిలిచారు. దేశం నలుమూలల నుంచి సుమారు 300 మంది అడయారు చేరి, తాటాకు పాకల్లో కూర్చుని ఆవిడ పాఠాలు విన్నారు. ఆవిడ ఇటాలియన్‌లో చెప్పడం, కొడుకు మారియో దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం, విన్నవాళ్లు తమ తమ భాషల్లోకి మనసులోనే తెచ్చుకోవడం. మూడు భాషలు దాటి వచ్చిన పాఠం అది. ఈ దేశంలో శిశువిద్యకు అది పెద్ద మలుపే, కాదనను. కానీ నెలల తరబడి ఇల్లూ ఉద్యోగమూ పక్కన పెట్టి వచ్చి కూర్చోగలిగినవాళ్లకే అలాంటి శిక్షణ అందుతుంది. ఆ తీరిక లేనివాళ్ల సంగతి?

ఆ సంగతి పట్టించుకున్న మనిషి అడయారుకు కూతవేటు దూరంలోనే, మైలాపూరులో ఉన్నారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన మన దుర్గాబాయి గారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ బంధాన్ని తనే కాదనుకున్నారు. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన కథ అందరూ చెబుతారు. నాకు దానికంటే ఆవిడ చదువు కథ ముఖ్యం. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చాక ఆవిడ మెట్రిక్ చదివారు. అందరిలా బడికి వెళ్లి కాదు, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టి. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం డిగ్రీ, మద్రాసులో లా. అంటే వయసు దాటి, వరస తప్పి చదవడంలో కష్టమేమిటో ఆవిడకు సొంతంగా తెలుసు.

1937 ప్రాంతంలో మైలాపూరులో చుట్టుపక్కల ఆడపిల్లల్ని పోగేసి నడిపిన చిన్న క్లబ్బే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. సభ మొదటి పనుల్లో ఒకటి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను అదే బెనారస్ మెట్రిక్‌కు తయారుచేయడం. మన చెన్నైలో ఆవిడ పేరున రోడ్డుంది, ఆసుపత్రి ఉంది. ఆసుపత్రి పేరు అందరికీ తెలుసు, ఈ క్లాసుల సంగతి మాత్రం మన పిల్లలకు తెలియదు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆవిడే మొదటి అధ్యక్షురాలు. పల్లెల్లో బాల్వాడీలు పెట్టాలన్నారు, ప్రసూతి కేంద్రాలు పెట్టాలన్నారు. డబ్బు మంజూరైంది గానీ నడిపే ఆడవాళ్లు దొరకలేదు. బాలసేవికకైనా, గ్రామసేవికకైనా, నర్సుకైనా కొంత చదువు కావాలి. ఆ చదువున్నవాళ్లు పల్లెకు రారు, పల్లెలో ఉన్నవాళ్లకు ఆ చదువు లేదు. దీనికి 1958లో బోర్డు తెచ్చిన ఉపాయం కండెన్స్‌డ్ కోర్సు. చదువు ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీలను తరగతి తర్వాత తరగతి ఎక్కించకుండా రెండేళ్లలో నేరుగా పరీక్షకు పంపడం. మైలాపూరు క్లాసులు దేశమంతటికీ పథకం అయ్యాయన్నమాట.

ఆవిడ ఏం మార్చారో చూడండి. వయసు నిబంధన సడలించారు, బడి వరస తీసేశారు, ఏళ్లు తగ్గించారు. కానీ పక్కన కూర్చుని చెప్పే మనిషిని, చదువుకునే చోటును తీసేయలేదు. పైగా ఆ రెండూ సమకూర్చడమే అసలు ఖర్చు అనుకున్నారు. పనిలో ఉన్న ఆడమనిషికి తక్కువైంది తెలివి కాదు, ఎవరూ పిలవని రెండు గంటలు. దీన్ని ఒక ప్రభుత్వ పథకంగా రాయగలిగారు చూశారా, అందుకే నాకు ఆవిడంటే గౌరవం. లోటూ ఉంది. రెండేళ్ల కోర్సుకు చంటిబిడ్డ తల్లి ఎలా వెళ్తుంది? ఆ చిక్కు అప్పుడూ తీరలేదు.

ఇక్కడొక పిట్టకథ. బాల్వాడి అన్న మాట ఉత్తరాది నుంచి వచ్చింది, బాల అంటే పిల్లలే. మన దగ్గర తమిళుల నోట అది పాల్‌వాడి అయింది. పాల్ అంటే తమిళంలో పాలు కదా, పిల్లలకు పాలిచ్చే చోటు కాబోలని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అంగన్‌వాడీ అని బోర్డు రాసినా మన పేటల్లో ఇప్పటికీ అది పాల్‌వాడియే.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది. అక్కడి నుంచి అంగన్‌వాడీ కార్యకర్త అనే ఉద్యోగం, నిజానికి ఉద్యోగం అని కూడా అనరు, గౌరవ వేతనం ఇచ్చే సేవ అంటారు, దేశమంతా వచ్చింది. పోషకాహారం, టీకాలు, బరువు తూకం, బడికి ముందు చదువు, తల్లులకు సలహాలు అన్నీ ఒకే మనిషి మీద. వీళ్లకు శిక్షణ కేంద్రాలు పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు 26 పనిదినాల శిక్షణ, కొన్నాళ్లకు ఐదు రోజుల రిఫ్రెషర్ అన్నది చాలాకాలం నడిచిన పద్ధతి. ఊరు విడిచి వెళ్లాలి, ఇంట్లో పోరు పెట్టుకోవాలి, నిజమే. కానీ ఆ 26 రోజులూ ఆవిడ పని శిక్షణే. గరిట పట్టుకుని పాఠం వినమని ఎవరూ అనలేదు.

తమిళనాడులో ఇంకో దారి కూడా చూశారు. 1980లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పోషకాహార పథకంలో, మూడేళ్ల లోపు పిల్లల్ని నెలనెలా తూచి, ఎదగని పిల్లను గుర్తుపట్టడమే ప్రధానమైన పని. అక్కడ పైనుంచి వచ్చే శిక్షకురాలు కేంద్రానికే వచ్చి, పక్కన నిలబడి, తూకం చార్టులో చుక్క ఎక్కడ పెట్టాలో చూపించేది. పని ఆగదు, పాఠం ఆగదు. తప్పు పెడితే అక్కడే దిద్దే చేయి ఉంది. నన్నడిగితే పనిలో ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు, కాకపోతే మనుషులు కావాలి, మనుషులంటే జీతాలు.

ఆ తర్వాత పోషణ్ అభియాన్ రోజుల్లో శిక్షణను 21 చిన్న భాగాలు చేసి, నెలకో విషయం చొప్పున సెక్టారు సమావేశంలో చెప్పి, ఆ నెలంతా చేసి చూడమన్నారు. ఆలోచన బాగుంది. దానికే ఫోను రూపం కూడా వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు వేసింది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్టు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా. చేస్తున్న పనికి వీలైనంత తక్కువ ఆటంకంతో, డీటీహెచ్ చానెళ్లు, స్మార్ట్‌ఫోన్ల ద్వారా చదువుకోవచ్చు. ఇంతవరకే అందరికీ గుర్తుంటుంది. అదే పేరాలో నెలకు కనీసం ఒక్కసారైనా ముఖాముఖి తరగతి ఉండాలని కూడా రాశారు. దుర్గాబాయి గారి మాట అక్కడ మళ్లీ వినిపించింది నాకు.

ఇప్పుడు మన అక్కయ్య రోజు చూద్దాం, నేను కళ్లారా చూసిందే చెబుతాను. పొద్దున తాళం తీసింది మొదలు పిల్లలు, పాటలు, గుడ్డు, అన్నం. సత్తుమావు పంపకం. ఆయా రాని రోజున వంట కూడా ఆవిడదే. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో హాజరు, బరువు, ఎత్తు ఎక్కించాలి. ఆ ఒక్క గంటే శిక్షణ వీడియోకు కూడా. ఒక పిల్ల లేచి ఏడిస్తే వీడియో ఆగుతుంది. సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడాలి. రాత్రి ఇంటికొచ్చాక ఫోను కొడుకు చేతిలో ఉంటుంది, వాడికీ పరీక్షలున్నాయి. చివరికి పదకొండు గంటలకు వీడియో పెట్టి, అది నడుస్తుండగా నిద్రపోయి, పొద్దున చూస్తే 'పూర్తయింది' అని ఉందట. "సర్టిఫికెట్టు వచ్చిందండీ, పాఠం మాత్రం రాలేదు" అని ఆవిడే నవ్వుతూ చెప్పింది.

భాష సంగతి వేరే. ఆవిడ ఇంట్లో తెలుగు, బడిలో నేర్చింది తమిళం, పాఠంలో వచ్చే శాస్త్రం మాటలు రెండింటికీ చుట్టాలు కావు. పక్కన ఇంకొకరుంటే "దీనర్థం ఏంటే?" అని అడగొచ్చు. అడయారులో మూడు భాషలు దాటి పాఠం వచ్చిందన్నాను కదా, అక్కడా దాటించడానికి మనిషే ఉన్నాడు.

కాబట్టి పెద్దాయన గారికి నా జవాబు ఇది. ఎప్పుడైనా చదువుకోవచ్చు అన్న మాట ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఒకలా, చంటిపిల్లల మధ్య ఉండేవాళ్లకు ఒకలా పనిచేస్తుంది. ఎప్పుడైనా అన్నది వాళ్ల విషయంలో నిద్రలోంచి కోసుకున్న గంటే అవుతోంది. శిక్షణ కేంద్రానికి పంపిన రోజుల్లో ఆ సమయం ప్రభుత్వం ఇచ్చింది, ఇప్పుడు ఆవిడే ఇచ్చుకుంటోంది. పని గంటల్లోనే శిక్షణకు చోటివ్వడం ప్రభుత్వం చేయాల్సిన పని, దానికి మన సంఘం బదులు కాదు. ఫోను పాఠాన్ని నేను తిట్టడం లేదు, ఒకే వీడియోను పదిసార్లు వెనక్కి తిప్పి చూడడం 26 రోజుల శిక్షణలో కుదిరేది కాదు. వాళ్లు అడిగింది కూడా ఫోను మానేస్తామని కాదు, కూర్చునే చోటు.

శనివారం నాలుగు నుంచి ఆరు వరకు మన హాలు ఎటూ ఖాళీయే. సంక్రాంతి ముగ్గుల పోటీ నెలలో తప్ప ఇబ్బంది ఉండదు. వై-ఫై ఉంది, రెండో ఫ్యాను మాత్రం బాగు చేయించాలి. వాళ్లు చదువుకునేటప్పుడు వాళ్ల పిల్లల్ని పక్క గదిలో చూసుకోవడానికి వారానికి ఇద్దరు ఉంటే చాలు. మా ఇంట్లోవాళ్లు మొదటి శనివారానికి ఒప్పుకున్నారు. ఇంకొకరు కావాలి. వచ్చే సమావేశం లోపు ఎవరైనా ఇక్కడే పేరు రాయండి, మిగతా వారాల పట్టిక నేను వేస్తాను.