ఏజెన్సీ ప్రాంతపు క్రిమినల్ కేసులలో న్యాయవాది ఎంపిక

క్రిమినల్ కేసులో నిందితుడైన వ్యక్తి తన తరఫున వాదించుటకు న్యాయవాదిని ఎంచుకొనుట భారత రాజ్యాంగం గుర్తించిన ప్రాథమిక హక్కు. తూర్పు కనుమలలోని ఏజెన్సీ గ్రామాల గిరిజనులకు ఈ హక్కుతో పాటు, ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు కూడా ఉన్నది. అరెస్టు తరువాతి తొలి రోజులలోనే ఈ హక్కును వినియోగించుకొనకపోతే బెయిలు అవకాశాలు, విచారణలో లేవనెత్తదగిన అభ్యంతరాలు చేజారిపోయే ప్రమాదం ఉన్నది.

నేపథ్యం

డొంకరాయి సీలేరు నదిపై గల జలాశయానికి, 25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి ప్రసిద్ధి. ఈ గ్రామం గల వై.రామవరం మండలం పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఈ ప్రాంతం ఒడిషా సరిహద్దున ఉన్నది.

ఈ కొండ ప్రాంతంలో ఎక్కువగా నమోదయ్యే తీవ్రమైన కేసులలో గంజాయి కేసులు ముఖ్యమైనవి. అరెస్టయ్యే వారిలో కూలికి మూటలు మోసినవారు, వాహనం నడిపినవారు కూడా ఉంటారు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం (ఎన్.డి.పి.ఎస్. చట్టం) ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణం. దీనికి 10 నుండి 20 సంవత్సరాల కఠిన కారాగార శిక్ష, కనీసం లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. ఇటువంటి కేసులలో నిందితుడు నేరం చేయలేదని నమ్ముటకు తగిన కారణాలు ఉన్నాయని, విడుదలైతే మరల నేరం చేయడని కోర్టు భావించినప్పుడే బెయిలు లభిస్తుంది (37వ సెక్షను).

న్యాయవాది పొందే హక్కు

రాజ్యాంగంలోని 22(1) అధికరణం ప్రకారం అరెస్టయిన వ్యక్తి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించవచ్చును. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చబడిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 38వ సెక్షను పోలీసు విచారణ సమయంలో న్యాయవాదిని కలిసే హక్కును, 341వ సెక్షను స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని నియమించుటను తెలుపుతాయి.

గిరిజన ప్రాంతాలకు సంబంధించి 1986 నాటి సుక్ దాస్ కేసు ముఖ్యమైనది. అరుణాచల్ ప్రదేశ్‌లో న్యాయవాది లేకుండానే విచారణ జరిగి శిక్ష పడిన ముద్దాయిల అప్పీలులో, ఉచిత సహాయం ముద్దాయి అడగకపోయినా ఇవ్వవలసినదేనని సుప్రీం కోర్టు తీర్పునిచ్చి శిక్షను రద్దు చేసింది. తన హక్కు తెలియని వ్యక్తి దానిని అడగలేడన్నది ఆ తీర్పులోని తర్కం. మొదటిసారి హాజరుపరచినప్పుడే ఈ హక్కును నిందితునికి తెలుపుట మేజిస్ట్రేటు విధి అని 2012లో కసబ్ కేసులో అదే కోర్టు స్పష్టం చేసింది.

ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

సంబంధిత చట్టంలో అనుభవం: భూ తగాదాలు, సివిల్ వ్యవహారాలలో పేరున్న న్యాయవాదికి గంజాయి కేసుల మెలకువలు తెలియకపోవచ్చును. ఉదాహరణకు, 50వ సెక్షను రక్షణ మనిషి ఒంటిని సోదా చేసినప్పుడే వర్తిస్తుంది, సంచికి గాని వాహనానికి గాని వర్తించదు. అటువంటి కేసులో సోదాకు ముందు సమాచారాన్ని వ్రాతపూర్వకంగా నమోదు చేశారా (42వ సెక్షను), నమూనాలను మేజిస్ట్రేటు సమక్షంలో తీశారా (52-ఎ సెక్షను), మధ్యవర్తుల నివేదికలోని వివరాలు సరిపోతున్నాయా అన్నవి పరిశీలించవలసి ఉంటుంది.

గడువులపై శ్రద్ధ: నిర్ణీత కాలంలో పోలీసులు ఛార్జిషీటు దాఖలు చేయకపోతే నిందితునికి బెయిలు హక్కుగా లభిస్తుంది. ఈ గడువు సాధారణ కేసులలో నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజులు, వాణిజ్య పరిమాణపు గంజాయి కేసులలో 180 రోజులు. అయితే ఛార్జిషీటు రాకముందే దరఖాస్తు చేయవలెను. రోజులు లెక్కించే న్యాయవాది లేనిచో ఈ హక్కు పోతుంది.

స్వతంత్రత: ఒకే కేసులో సరుకు యజమాని, డ్రైవరు, మోత కూలీ ముద్దాయిలైనప్పుడు వారి ప్రయోజనాలు ఒకటి కావు. యజమాని తరఫువారు రుసుము చెల్లించి ఏర్పాటు చేసిన న్యాయవాది, కూలీకి సరుకు సంగతి తెలియదనే వాదనను గట్టిగా వినిపించుట కష్టం. కావున కూలీకి వేరుగా న్యాయవాది ఉండుట మేలు.

భాష: కువి, కోయ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారితో నేరుగా గాని, నమ్మదగిన దుబాసీ ద్వారా గాని సంభాషించగలగాలి. చదివి వినిపించకుండా కాగితాలపై వేలిముద్ర వేయించుకొనుట ప్రమాదకరం.

రుసుము: కేసు ఫలితంపై ఆధారపడిన రుసుమును బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. బెయిలు తప్పక వస్తుందని హామీ ఇచ్చుట నమ్మదగిన గుర్తు కాదు.

ఉచిత న్యాయ సహాయం

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డ్ తెగలు, షెడ్యూల్డ్ కులాలవారు, స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత సహాయానికి అర్హులు. మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, జైలులో ఉన్నవారు జైలు అధికారుల ద్వారా దరఖాస్తు చేసుకొనవచ్చును. జాతీయ సంస్థ సహాయ ఫోను సంఖ్య 15100. నియమితుడైన న్యాయవాది కక్షిదారు నుండి రుసుము తీసుకొనరాదు.

ఉచిత సహాయం నామమాత్రంగా ఉండరాదని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీం కోర్టు పేర్కొన్నది. యావజ్జీవ లేదా మరణశిక్ష పడదగిన కేసులలో కనీసం 10 సంవత్సరాల అనుభవం గల న్యాయవాదిని నియమించాలని, సిద్ధమగుటకు సాధారణంగా కనీసం 7 రోజుల వ్యవధి ఇవ్వాలని ఆదేశించింది. 2022 నాటి పథకం క్రింద జిల్లాలలో ముద్దాయిల తరఫున పూర్తి కాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ ప్రవేశపెట్టబడింది.

న్యాయవాదిని మార్చుకొనుట

వకాల్తా ఇచ్చినంత మాత్రాన కక్షిదారు కట్టుబడి ఉండనవసరం లేదు. పాత న్యాయవాది సమ్మతితో గాని, కోర్టు అనుమతితో గాని కొత్త వకాల్తా దాఖలు చేయవచ్చును. రుసుము బాకీ ఉన్నదని కేసు కాగితాలను పట్టి ఉంచుకొనరాదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీం కోర్టు తీర్పునిచ్చింది. ఫలానా నిందితుని తరఫున ఎవరూ వాదించరాదని న్యాయవాదుల సంఘాలు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో మహమ్మద్ రఫీ కేసులో ప్రకటించింది.

ఇవి కూడా చూడండి

డొంకరాయి
సీలేరు నది
భారత రాజ్యాంగం - ప్రాథమిక హక్కులు
లోక్ అదాలత్