వింటి పగులు: ఇంగ్లండ్ యూ కర్ర విల్లులో పనితనపు చరిత్ర

కర్ర విల్లు వంగినప్పుడు దాని రెండు ముఖాల మీద పరస్పర విరుద్ధమైన బలాలు పనిచేస్తాయి. లక్ష్యం వైపు తిరిగి ఉండే ముఖాన్ని వీపు అనీ, విలుకాడి వైపు ఉండేదాన్ని కడుపు అనీ అంటారు. అల్లెతాడును లాగే కొద్దీ వీపు మీది పీచు సాగుతుంది, కడుపు మీది పీచు లోలోపల నలుగుతుంది. కర్ర ఆరేటప్పుడు పొడవునా విచ్చే బీట, వీపు మీద పేడులా పైకి లేచే చీలిక, కడుపు మీద అడ్డంగా వెంట్రుక మందాన కనిపించే నలుగుడు గీత, మూడూ చూపుకు పగుళ్లే అయినా వాటి పుట్టుక వేరు, వాటి వల్ల కలిగే ప్రమాదం వేరు, వాటికి చేయవలసిన పనీ వేరు. ఇంగ్లండ్‌లో 15, 16 శతాబ్దాల వింటి పనివాళ్ల నైపుణ్యం ఎక్కువగా ఈ తేడాను గుర్తించడంలోనే ఉంది. యుద్ధాల చరిత్ర రాసినవారు ఆ విల్లు ఎంత దూరం కొట్టిందో విస్తారంగా చెప్పారు గాని, అది విరగకుండా ఎలా నిలిచిందన్న ప్రశ్నకు తగినంత చోటు ఇవ్వలేదు.

పగులు కథ చెట్టు కొట్టిన నాటి నుంచే మొదలవుతుంది. పచ్చి దుంగ ఆరేటప్పుడు అన్ని దిశల్లోనూ ఒకేలా కుదించుకుపోదు. ఏటేటా చెట్టుకు చేరే వార్షిక వలయాల వెంబడి కలిగే కుదింపు, నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు కలిగే కుదింపు కంటే సుమారు రెట్టింపు ఉంటుంది కాబట్టి, చీల్చకుండా గుండ్రంగానే వదిలేసిన దుంగ సాధారణంగా ఎక్కడో ఒకచోట బీట వారి తీరుతుంది. పైగా తెగిన కొసల నుంచి తడి మిగతా ఒంటి కంటే వేగంగా ఆరిపోతుంది గనుక బీటలు కొసల దగ్గరే పుట్టి లోపలికి పాకుతాయి. దుంగను నిలువునా చీల్చి ఆ బిగువును ముందే విడిపించడం, కొసలకు మైనమో జిగురో పూసి తడి నిదానంగా పోయేలా చూడడం దీనికి విరుగుడు. రంపంతో కోయడానికి బదులు చీలికలు దిగ్గొట్టి చీల్చడంలో మరో ప్రయోజనం కూడా ఉంది. చీలిన కర్ర తన పీచు వెంబడే విడిపోతుంది కాబట్టి, ఆ పీచు వింటి ఒక కొస నుంచి మరో కొస దాకా తెగకుండా సాగుతుంది. అలాంటి కర్రలో పొడవునా పడిన సన్నని బీట పీచును తెంచదు, అందువల్ల దానితో విల్లు చాలాసార్లు నిలుస్తుంది. పీచు వాలుగా నడిచి పక్క అంచు మీదికి తేలిన కర్రలో మాత్రం అంతే చిన్న బీట కూడా విల్లును రెండుగా చీల్చగలదు.

యూ చెట్టుకు దక్కిన గౌరవానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. బెరడు కింది తెల్లచెక్క సాగుడును బాగా తట్టుకుంటుంది; లోపలి ఎర్రని చేవ, అంటే ముదిరి గట్టిపడిన భాగం, నలుగుడును తట్టుకుంటుంది. కాబట్టి తెల్లచెక్క వీపుగా, చేవ కడుపుగా ఉండేలా చెక్కితే రెండు ముఖాలకూ కావలసిన గుణాలు ఒకే కర్రలో అమరుతాయి. అయితే వీపు మీద పీచు తెగకూడదన్న సూత్రం ఇంగ్లండ్‌లో పుట్టింది కాదు. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో 1944లో దొరికిన ఎల్మ్ కర్ర విల్లు సుమారు తొమ్మిది వేల ఏళ్ల నాటిది. దాని వీపు కూడా బెరడు కిందే ఉన్న చెక్కే. వంపు ఎక్కువయ్యే చోట ఒక్క వలయం తెగినా చీలిక అక్కడే లేస్తుందని ఆ కాలపు మనిషికి అనుభవం నేర్పి ఉండాలి.

ఈ విద్య అక్షరబద్ధం కావడానికి చాలా కాలం పట్టింది. కేంబ్రిడ్జి పండితుడు, తర్వాతి కాలంలో ఎలిజబెత్ రాణికి గురువైన రోజర్ ఆస్కమ్, 1545లో ‘టాక్సోఫిలస్’ అనే సంభాషణ గ్రంథాన్ని ప్రచురించి ఎనిమిదో హెన్రీకి అంకితమిచ్చాడు. ఇంగ్లిషు భాషలో విలువిద్య గురించి వెలువడిన తొలి పుస్తకంగా దానికి పేరుంది. పండితుడు రాసినదైనా, పగుళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పుస్తకంలో పనివాడి కన్ను కనిపిస్తుంది. విల్లు విరగడానికి అల్లెతాడు, బాణం, హద్దు మీరి లాగడం, నలుగుడు గీతలు అనే నాలుగు కారణాలను చెప్పిన ఆస్కమ్, నాలుగోదాన్ని బలహీనమైన చోట్లకు పాకుతూ పెరిగే పుండుతో పోల్చాడు. అది మొదట చిన్న నొక్కులాగా కనిపిస్తుంది. అప్పుడు చేయవలసిందిగా అతడు చెప్పిన చికిత్స పైకి వింతగా తోస్తుంది: నొక్కు పడిన చోటును ముట్టుకోకుండా, దాని చుట్టుపక్కల చెక్కను కాస్త గీకి, ఆ భాగాలు కూడా దానితో సమానంగా వంగేలా చేయాలి. బలహీనమైన చోటే వంపు అంతా పేరుకుంటుంది కాబట్టి, ఇరుగుపొరుగు భాగాల బలం తగ్గిస్తే భారం వింటి పొడవునా పరుచుకుంటుంది, నొక్కు అక్కడితో ఆగిపోతుంది. గాయాన్ని వదిలి ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని సరిచేసే ఈ పద్ధతి కర్ర పని మొత్తంలోనే అత్యంత సూక్ష్మమైన ఆలోచనల్లో ఒకటిగా ఎంచదగినది.

ముడుల విషయంలోనూ అదే తర్కం నడిచింది. కొమ్మ మొలిచిన చోట చెక్క చెడి ఉంటుంది గనుక గీతలు అక్కడ మొదలవుతాయనీ, అందుకే మంచి పనివాళ్లు ప్రతి చిన్న ముడి చుట్టూ అదనంగా చెక్క వదిలి ఎత్తుగా ఉంచుతారనీ ఆస్కమ్ రాశాడు. అయితే వీపు మీద గట్టి ముడి ఉన్నప్పుడు దాని పక్కనున్న చోట్లకు సరిపడా బలం మిగల్చకపోతే, ఆ ముడే వాటిని పాడుచేస్తుందని హెచ్చరించాడు కూడా. చేతి పట్టు కింద పడే గీతలకు చెమట కంటే అరచేతి వేడి ఎక్కువ కారణమని, వేడి దేన్నయినా వదులు చేస్తుందన్న అరిస్టాటిల్ మాటను ఆధారం చేసుకొని వాదించిన భాగాన్ని మాత్రం పనివాడి అనుభవం కంటే పండితుడి ఊహగానే పరిగణించాలి. మైనం పట్టించిన ఉన్ని గుడ్డతో విల్లును రోజూ మెరిసేదాకా రుద్దాలన్న సలహా ప్రయోజనకరమైనది. పైపూత ఉన్న చెక్క వాతావరణంలోని తడి హెచ్చుతగ్గులకు అంత త్వరగా లొంగదు.

మంచి కర్ర దొరకడమే కష్టమైన దేశంలో ఈ జాగ్రత్తలకు రాజకీయ ప్రాధాన్యం కూడా ఏర్పడింది. ముడులు లేకుండా నిటారుగా పెరిగిన యూ ఇంగ్లండ్‌లో చాలినంత లేదు. అందుకే 1472 నాటి చట్టం, విదేశాల నుంచి వచ్చే నౌకలు తెచ్చే ప్రతి టన్ను సరుకుకు నాలుగేసి వింటి బద్దలు కూడా తేవాలని విధించింది; 1484లో మూడో రిచర్డ్ పార్లమెంటు, దిగుమతయ్యే మామ్సీ ద్రాక్షసారాయి పీపాకు పదేసి బద్దలు కోరింది. 1541 నాటి చట్టం ఒక్కొక్క యూ వింటికి నాలుగేసి చొప్పున ఎల్మ్, యాష్ వంటి కర్రలతో విళ్లు చేయాలని పనివాళ్లను ఆదేశించింది. ఆ కర్రలతో చేసినవి నాసిరకమని ఆస్కమ్ తేల్చాడు. యూ చేవకున్నంత నలుగుడు సహనం వాటికి లేదు గనుక, యూ వింటికి సరిపోయే ఇరుకైన మందపాటి ఆకారంలోనే వాటినీ చెక్కితే కడుపు త్వరగా గీతలు పడుతుంది. వాటికి బల్లపరుపు వెడల్పు మేలు. చెట్టు స్వభావం చట్టానికి లొంగదు.

ఆస్కమ్ పుస్తకం వెలువడిన 1545లోనే, జులై 19న, ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక ‘మేరీ రోజ్’ పోర్ట్స్‌మత్ ఎదుటి సాలెంట్ జలసంధిలో మునిగిపోయింది. ఓడ శిథిలాన్ని 1982 అక్టోబరు 11న పైకి తీశారు. దాని తవ్వకాల్లో 172 విళ్లు లభించాయి. సగటున రెండు మీటర్ల పొడవున్న ఈ విళ్లు బురద కప్పి ఉంచడం వల్ల నాలుగు శతాబ్దాలకు పైగా చెడకుండా నిలిచాయి. వాటిలో తెల్లచెక్కా చేవా వేరువేరుగా కనిపిస్తాయి, ముడుల దగ్గర వదిలిన ఉబ్బులూ కనిపిస్తాయి. విరగని వింటి రహస్యం బలమైన చేతుల్లో ఉందనుకునే వారికి ఆ ఉబ్బులు గట్టి జవాబు.

పగులును ఎదుర్కోవడానికి ఇదొక్కటే దారి కాదు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో కనిపించిన యాహీ తెగవాడు ఇషీ, చెక్క వీపును చెక్కగా వదిలేయకుండా, జింక నరాలను నమిలి మెత్తబరిచి, సాల్మన్ చేప చర్మం నుంచి తీసిన జిగురుతో దాని మీద అతికించే పద్ధతిని శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు సాక్స్‌టన్ పోప్‌కు చూపించాడు. ఆరిన నరాల పొర సాగుడు భారాన్ని మోస్తుంది కాబట్టి వీపు చీలిక లేవదు. ఇంగ్లండ్ పనివాళ్లకు మాత్రం అలాంటి పొర లేదు. వాళ్లకున్నది చెక్క ఒక్కటే. అందుకే ఎక్కడ గీకాలో, ఎక్కడ వదలాలో వాళ్లు నేర్చుకున్నంత లోతుగా నేర్చుకున్నవారు అరుదు. కడుపు మీద నొక్కు కనబడితే చుట్టుపక్కల చెక్కను గీకి వంపును సమం చేయడమే నేటికీ చేతితో విళ్లు చెక్కేవారు పాటించే పద్ధతి.